చలిరాత్రి ఉల్కల లెక్క: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

డిసెంబరు 13, 14 తేదీల ప్రాంతంలో పతాకస్థాయికి చేరే జెమినిడ్ ఉల్కాపాతం గురించి, జనవరి 3, 4 తేదీల ప్రాంతంలో వచ్చే క్వాడ్రాంటిడ్ల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ శీర్షికలో జవాబులు ఇస్తున్నాము. ఒకే సందేహం పలు ఉత్తరాలలో కనిపించినచోట వాటిని కలిపి ఒక ప్రశ్నగా తీసుకున్నాము.

ప్రశ్న: జెమినిడ్ల రాత్రి గంటకు 150 ఉల్కలు కనిపిస్తాయని చదివి, రాత్రి తొమ్మిది నుంచి పది వరకు ఆరుబయట కూర్చున్నాను. ఆకాశం నిర్మలంగానే ఉంది, చంద్రుడు లేడు. కృత్తికలలో ఆరు నక్షత్రాలు గుర్తుపట్టగలిగాను, ఏడోది దొరకలేదు. గంటలో లెక్కకు వచ్చిన ఉల్కలు 17 మాత్రమే. 150 అన్న అంకె అబద్ధమా, లేక నా కళ్లలోనే లోపం ఉందా?

జవాబు: మీ కళ్లలో లోపం లేదు, ఆ అంకె అబద్ధమూ కాదు, అయితే అది మీరు కూర్చున్న గంటను గురించి చెప్పిన అంకె కాదు. దానిని పరిశీలకులు జెడ్.హెచ్.ఆర్. (జెనిథల్ అవర్లీ రేట్) అంటారు. ఉల్కలు ఏ బిందువు నుంచి వెలువడుతున్నట్లు కనిపిస్తాయో ఆ ఉద్గమ బిందువు సరిగ్గా నడినెత్తిన ఉండి, మాగ్నిట్యూడ్ (ప్రకాశాన్ని కొలిచే అంకె, అది పెరిగేకొద్దీ నక్షత్రం మసక) 6.5 వరకు మసక నక్షత్రాలు కంటికి ఆనేటంత చీకటి ఉండి, చెట్టు గాని గోడ గాని మబ్బు గాని అడ్డం లేకుండా, ఉల్కాపాతం పతాకస్థాయిలో ఉన్న వేళ ఒక్క పరిశీలకుడు గంటసేపు చూస్తే ఎన్ని కనిపిస్తాయన్నది దాని అర్థం. ఈ షరతులన్నీ ఒకే గంటలో కుదరడం బహు అరుదు. వేర్వేరు చోట్ల, వేర్వేరు సంవత్సరాలలో చేసిన లెక్కలను ఒకదానితో ఒకటి పోల్చడానికి ఏర్పరచుకున్న కొలమానం అది. వార్తలలో మాత్రం ప్రేక్షకులకు ఇచ్చిన హామీలా అచ్చవుతుంది.

మీ గంటకు దానిని అన్వయించి చూద్దాం. జెమినిడ్ల ఉద్గమ బిందువు మిథున రాశిలో, పునర్వసు జంటలో ఒకటైన కాస్టర్ నక్షత్రం పక్కన ఉంటుంది. రాత్రి తొమ్మిదిన్నరకు అది తూర్పు దిక్కున సుమారు 30 డిగ్రీల ఎత్తులో ఉన్నదనుకుంటే, కనిపించే సంఖ్య ఆ ఎత్తు సైను విలువ మేరకు తగ్గుతుంది; 30 డిగ్రీలకు ఆ విలువ 0.5 కాబట్టి 150లో సగం, అంటే 75 మిగులుతాయి. ఇక ఆకాశపు చీకటి. కృత్తికలలో ఆరో నక్షత్రం మాగ్నిట్యూడ్ సుమారు 4.3, దాని తరువాతివి 5 దాటినవి. కనుక మీ ఆకాశపు పరిమితిని, అంటే కంటికి ఆనే అతి మసక నక్షత్రపు మాగ్నిట్యూడ్‌ను, కాస్త ఉదారంగా 5 అనుకుందాం. ఆదర్శ ఆకాశానికి అది ఒకటిన్నర మాగ్నిట్యూడ్ల తక్కువ. జెమినిడ్లలో మాగ్నిట్యూడ్ ఒకటి తగ్గినప్పుడల్లా కనిపించే ఉల్కల సంఖ్య 2.6 వంతున పడిపోతుంది కాబట్టి, ఒకటిన్నరకు 4.2 వంతున తగ్గుతుంది. 75ను 4.2తో భాగిస్తే సుమారు 18 వస్తుంది. మీరు చూసినవి 17. ఇంతకంటే నికార్సయిన లెక్క ఆ రాత్రి ఆ చోటు నుంచి ఎవరూ చేసి ఉండరు.

అదే చోట రాత్రి రెండు గంటల ప్రాంతంలో, బిందువు 60 డిగ్రీల పైకి వచ్చాక కూర్చుని ఉంటే 31 దాకా కనిపించేవి. దీపాలకు దూరంగా, పరిమితి 6 ఉన్న ఆకాశం కిందికి వెళ్లి ఉంటే అదే వేళకు 80 వచ్చేవి. ఒంటికి ఉన్ని బట్టలు ఎన్ని తొడిగినా పెరగని ఈ సంఖ్య, చోటు మారితే రెండింతలు దాటుతుంది.

ప్రశ్న: గంట దాటేసరికి పాదాలు మొద్దుబారి, ఒళ్లు వణికి, ఇంట్లోకి వెళ్లిపోయాను. బయట నడుస్తున్నప్పుడు ఇంత చలి అనిపించదు. కదలకుండా పడుకుని చూసేవారు తెల్లవార్లూ ఎలా తట్టుకుంటున్నారు? ఉల్కల గురించి అడగవలసినచోట దుస్తుల గురించి అడుగుతున్నందుకు మన్నించగలరు.

జవాబు: మన్నించవలసింది ఏమీ లేదు. ఈ విడత వచ్చిన వాటిలో అన్నిటికంటే పనికివచ్చే ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే వణుకుతున్న పరిశీలకుడికి మసక ఉల్కలు కనిపించవు. చూపు ఆకాశం మీద ఉన్నా ధ్యాస పాదాల మీద ఉంటుంది; లెక్క తగ్గుతుంది; తగ్గిన సంగతి నమోదులో ఎక్కడా కనిపించదు.

ఉల్కలకు అనువైన రాత్రే చలికి కూడా అనువైన రాత్రి. మబ్బు ఉంటే నేల నుంచి వెలువడే పరారుణ వికిరణాన్ని అది కొంత పట్టి తిరిగి కిందికి పంపుతుంది. మబ్బులేని పొడి రాత్రి ఆ వేడి అంతా నేరుగా పైకి పోతుంది. నేల, గడ్డి, మీరు కప్పుకున్న దుప్పటి పైభాగం, అన్నీ చుట్టూ ఉన్న గాలికంటే ఎక్కువగా చల్లబడతాయి. గాలి ఉష్ణోగ్రత సున్నాకు కాస్త పైన ఉన్నప్పుడు కూడా గడ్డి మీద మంచు పేరుకోవడానికి కారణం ఇదే. కాబట్టి ఉష్ణోగ్రత ఎంత ఉంటుందన్న సమాచారం చూసి దానికి తగినట్లు తయారైతే చాలదు. కదలకుండా ఉండే మనిషికి అంతకు పది డిగ్రీలు తక్కువ అనుకుని సిద్ధం కావడం మంచిది.

వేడి ఎక్కువగా పోయేది కింది నుంచి. దుప్పట్లు పైన ఎన్ని కప్పినా, ఒంటి బరువుకు కింద ఉన్న దూది, ఉన్ని నలిగి అందులోని గాలి పోతుంది కనుక అది రక్షణ ఇవ్వదు. అందువల్ల నేలమీద పడుకోకుండా వాలు కుర్చీ వాడి, దానిమీద నలగని ఫోము చాప పరచి, ఆపైన స్లీపింగ్ బ్యాగులో దూరడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి. వాలు కుర్చీతో ఇంకో లాభం, మెడ నొప్పి లేకుండా చూపు తగిన ఎత్తున నిలుస్తుంది. ముఖాన్ని మాత్రం సంచి లోపలికి లాక్కోకండి. ఊపిరిలోని తడి లోపలి పొరలకు పట్టి అర్ధరాత్రి దాటేసరికి సంచి చల్లబడిపోతుంది. పలుచని పొరలు అనేకం వేసుకోండి, ఒంటికి తగిలే పొర నూలుది కాకుండా చూసుకోండి, ఎందుకంటే నూలు చెమటను పీల్చుకుని వదలదు. మేజోళ్లు రెండు జతలు వేసి బూటు బిగుతుగా తొడగడం చాలామంది చేసే పొరపాటు. రక్తప్రసారం తగ్గి పాదాలు ఇంకా త్వరగా మొద్దుబారతాయి. ఒక సైజు పెద్దదైన బూటులో ఒక్క మందపాటి మేజోడు మేలు. అన్నిటికీ మించి, చలి వేయకముందే ఇవన్నీ తొడుక్కోవాలి. చల్లబడిన ఒంటిని దుప్పటి వేడి చేయలేదు, ఉన్న వేడిని పోకుండా ఆపగలదు, అంతే.

మద్యం తాగితే చలి తగ్గుతుందన్న నమ్మకం ప్రమాదకరం. చర్మపు రక్తనాళాలు వెడల్పై వెచ్చగా అనిపిస్తుంది గాని లోపలి వేడి మరింత వేగంగా బయటికి పోతుంది. గంటకొకసారి పది నిమిషాలు లేచి నడవండి, ఆ పది నిమిషాలను పరిశీలన సమయంలోంచి తీసివేయండి. మాట తడబడడం, వేళ్లు పట్టు తప్పడం, నిద్ర ముంచుకురావడం మొదలైతే ఉల్కలు ఎన్ని పడుతున్నా ఆ రాత్రికి చాలించి లోపలికి వెళ్లాలి.

ప్రశ్న: మేము ఐదుగురు స్నేహితులం ఐదు వైపులకు తిరిగి కూర్చుని, ఎవరికి కనిపించినా కేక వేసి, గంటలో 140 ఉల్కలు లెక్కపెట్టాము. దీనిని గంటకు 140 అని రాసుకోవచ్చా, ఐదుతో భాగించి 28 అనాలా?

జవాబు: రెండూ సరికావు. 140 అన్నది ఐదు జతల కళ్లు కలిసి చూసినది కనుక ఒక్క మనిషి లెక్కతో పోల్చడానికి పనికిరాదు. ఐదుతో భాగిద్దామంటే, ప్రకాశవంతమైన ఉల్కను ముగ్గురు చూసినా ఒకటిగానే రాసుకున్నారు, మసకదాన్ని ఒక్కరే చూసినా ఒకటిగానే రాసుకున్నారు. ఎవరు ఎన్ని చూశారన్నది ఆ మొత్తంలో కలిసిపోయింది, ఇక విడదీయలేము. గుంపుగా కూర్చోవడంలో తప్పులేదు, రాత్రి రెండు గంటలకు మాట్లాడే మనిషి పక్కన ఉండడం నిద్రకు మంచి విరుగుడు కూడా. అయితే ఎవరి కాగితం వారిదే కావాలి. పక్కవాడు 'అదిగో' అన్నాక తల తిప్పి చూసినదాన్ని మీ లెక్కలో వేసుకోకూడదు. సాధారణ ఉల్క సెకను లోపే ఆరిపోతుంది. కేక విని తిరిగిన కంటికి అందేది మహా అయితే దాని జాడ.

ప్రశ్న: ఉద్గమ బిందువు వైపే చూస్తూ ఉండాలా? దుర్భిణి వాడితే మసక ఉల్కలు కూడా దొరుకుతాయి కదా?

జవాబు: ఒకే కక్ష్యలో సమాంతరంగా వస్తున్న కణాల దారులు మన కంటికి దూరంలోని ఒక బిందువు నుంచి విచ్చుకుంటున్నట్లు కనిపిస్తాయి. ఆ బిందువు దగ్గర కనిపించే ఉల్కలు దాదాపు మనకు ఎదురుగా వస్తున్నవి కాబట్టి వాటి గీతలు పొట్టిగా ఉంటాయి, సులువుగా కన్ను తప్పిపోతాయి. అక్కడినుంచి 20 నుంచి 40 డిగ్రీల పక్కకు, నేల నుంచి 50 నుంచి 70 డిగ్రీల ఎత్తున చూపు నిలపండి. గీతలు పొడవుగా ఉంటాయి. అయినా వాటిని వెనక్కి పొడిగించి మిథునం నుంచి వచ్చాయో లేదో పోల్చుకోగలిగినంత దగ్గరలోనే ఉంటారు. వీధి దీపం ఒక వైపు ఉంటే ఈ సూత్రాన్ని పక్కనపెట్టి దానికి వీపు తిప్పి కూర్చోండి.

దుర్భిణి వద్దు. దానిలో కనిపించే ఆకాశం కొన్ని డిగ్రీలు మాత్రమే. పైన ఉల్క పడుతున్నప్పుడు మీరు వేరే మూల చూస్తుంటారు. ఉల్కల విషయంలో మామూలు కన్నే మంచి పరికరం, దానిని చీకటికి అలవాటు పడనిస్తే. కంటిపాప కొద్ది నిమిషాలలోనే విప్పారుతుంది గాని, మసక వెలుగును చూసే రెటీనాలోని దండ కణాలలో రోడాప్సిన్ అనే కాంతిని పట్టే పదార్థం మళ్లీ నిండడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. సెల్‌ఫోన్ తెరను ఒక్కసారి చూస్తే ఈ నిరీక్షణ చాలావరకు మొదటికి వస్తుంది. మసకైన ఎర్ర దీపానికి దండ కణాలు అంతగా స్పందించవు కాబట్టి రాసుకోవడానికి అదే వాడాలి. కళ్లజోడు ఉన్నవారు దాన్ని తప్పక పెట్టుకోవాలి. మఫ్లరు ముక్కు కిందికి దించుకుంటే ఊపిరి ఆవిరి అద్దాలకు పట్టదు.

ప్రశ్న: అర్ధరాత్రి దాటాకే ఉల్కలు ఎక్కువ అంటారు. జెమినిడ్లు మాత్రం రాత్రి తొమ్మిదికే కనిపిస్తాయి. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే. భూమి సూర్యుని చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. వానలో పరుగెత్తే బండికి ముందు అద్దం మీద చినుకులు ఎక్కువ పడినట్లు, భూమి పోతున్న దిక్కుకు ముందున్న ముఖం మీద ఉల్కలు ఎక్కువ పడతాయి. తెల్లవారుజామున మనం ఆ ముఖం మీద ఉంటాము. సాయంత్రం వేళ వెనుకవైపు ఉంటాము కనుక భూమిని వెంటాడి అందుకోగలిగిన కణాలే మనకు కనిపిస్తాయి. ఏ ఉల్కాపాతానికీ చెందని విడి ఉల్కలకు ఇది బాగా వర్తిస్తుంది. జెమినిడ్ల ప్రవాహం మాత్రం భూమిని పక్కనుంచి తాకుతుంది, దాని ఉద్గమ బిందువు చీకటి పడ్డాక కొద్దిసేపటికే ఉదయిస్తుంది, రాత్రి రెండు గంటల ప్రాంతంలో అత్యంత ఎత్తుకు చేరుతుంది. నిద్రకు ఆగలేని పిల్లలకు చూపించాలంటే ఏడాదిలో ఇంతకంటే అనుకూలమైన ఉల్కాపాతం లేదు. బిందువు దిగువన ఉన్న తొలి వేళలలో సంఖ్య తక్కువే గాని, వాతావరణపు పైఅంచును ఒరుసుకుంటూ ఆకాశమంతా సాగిపోయే పొడవాటి ఉల్కలు ఒకటి రెండు దొరికే అవకాశం అప్పుడే ఎక్కువ.

ప్రశ్న: ఒకే ఉల్కను మా అన్నయ్య ఆకుపచ్చ అన్నాడు, నేను తెలుపు అన్నాను. ఎవరిది సరైన మాట?

జవాబు: ఇద్దరిదీ కావచ్చు. రంగును గుర్తించే శంకు కణాలకు కాంతి బాగా కావాలి. మసక ఉల్కను దండ కణాలే చూస్తాయి, వాటికి రంగు తెలియదు. అందుకే మసకవన్నీ తెల్లగానో బూడిదరంగులోనో కనిపిస్తాయి. ప్రకాశవంతమైన ఉల్కను మీ అన్నయ్య సూటిగా చూసి, మీరు ఓరకంట చూసి ఉంటే ఇద్దరికీ తేడా వస్తుంది, ఎందుకంటే శంకు కణాలు చూపు నడిమధ్యలోనే దట్టంగా ఉంటాయి. రంగు మాత్రం కల్పన కాదు. కణం నుంచి ఆవిరైన సోడియం నారింజ పసుపును, మెగ్నీషియం నీలి ఆకుపచ్చను ఇస్తాయి. వేగమైన ఉల్కల దారిలో గాలిలోని ఆక్సిజన్ 557.7 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ కాంతిని ఇస్తుంది.

ప్రశ్న: ఒక పెద్ద ఉల్క పడినప్పుడు 'స్‌స్' మన్న చప్పుడు అప్పటికప్పుడే విన్నానని మా తాతగారు ఎప్పుడూ చెబుతారు. అది సాధ్యమా?

జవాబు: మామూలుగా వచ్చే చప్పుడైతే అప్పటికప్పుడు వినబడదు. ఉల్కలు వెలిగేది సుమారు 80 నుంచి 120 కిలోమీటర్ల ఎత్తులో. ధ్వని అక్కడినుంచి నేలకు రావడానికి నాలుగు నిమిషాలకు పైగా పడుతుంది. మామూలు ఉల్క ఇసుకరేణువంతో బఠానీ గింజంతో ఉంటుంది, దాని చప్పుడు నేలదాకా రానేరాదు. బాగా కిందికి చొచ్చుకువచ్చిన అగ్నిగోళాల నుంచి మాత్రం ఉరుము వంటి మోత ఆలస్యంగా వినిపిస్తుంది. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద సుమారు 20 మీటర్ల రాయి పేలినప్పుడు, మెరుపు చూసి కిటికీల దగ్గరకు వెళ్లిన జనం మీద రెండు నిమిషాలు దాటాక విస్ఫోట తరంగం వచ్చి అద్దాలు బద్దలయ్యాయి. సుమారు 1,500 మంది వైద్యసహాయం కోరవలసివచ్చింది. గొప్ప మెరుపు చూస్తే కిటికీకి దూరంగా ఉండమనడం అందుకే.

అయినా మీ తాతగారి మాటను కొట్టిపారేయను. మెరుపుతోపాటే బుసవంటి శబ్దం విన్నామని ఎన్నో తరాలుగా నమ్మదగిన మనుషులు చెబుతూనే ఉన్నారు. కాంతి వేగంతో వచ్చిన రేడియో తరంగాలు దగ్గరలోని వస్తువులను కంపింపజేసి ఉంటాయని ఒక వాదం, మినుకుమినుకుమనే తీవ్రకాంతి ఆకులు, వెంట్రుకల వంటి వాటిని క్షణక్షణం వేడిచేసి గాలిని కదిపి ఉంటుందని ఇంకో వాదం ఉన్నాయి. వివాదం తేలలేదు. అటువంటిది మీరు వింటే శబ్దం మెరుపుకు ముందా, వెంటనా, తరువాతా అన్నది సెకన్లతో సహా రాసిపెట్టండి.

ప్రశ్న: ఉల్కాపాతాలకు మూలం తోకచుక్కలని చదివాము. జెమినిడ్లకు మూలం ఒక రాయి అంటున్నారు. రాయి ధూళిని ఎలా వదులుతుంది?

జవాబు: 1983లో ఐరాస్ అనే పరారుణ ఖగోళ ఉపగ్రహం తీసిన చిత్రాలలో దొరికిన ఆ వస్తువు పేరు ఫేథాన్, సంఖ్య 3200. దాని కక్ష్య జెమినిడ్ల కక్ష్యతో సరిపోతున్నదని అదే ఏడాది ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ విపుల్ గుర్తించాడు. 5 కిలోమీటర్లు దాటిన వ్యాసం గల ఈ గ్రహశకలం సుమారు 1.4 సంవత్సరాలకు ఒకసారి సూర్యుని చుట్టివస్తూ, ఆ దారిలో సూర్యునికి సుమారు 2.1 కోట్ల కిలోమీటర్ల దగ్గరకు, అంటే బుధుని కక్ష్యకు బాగా లోపలికి పోతుంది. అక్కడి వేడికి రాతి ఉపరితలం పగలడం, సోడియం ఆవిరికావడం జరుగుతాయి. సూర్యునికి దగ్గరైనప్పుడు అది కొద్దిగా ప్రకాశం పెంచుకుని చిన్న తోకను చూపుతుంది. అయితే ఇప్పుడు వదులుతున్నది ఇంత పెద్ద ప్రవాహాన్ని నింపడానికి చాలదు. కొన్నివేల సంవత్సరాల కిందట ఒకేసారి పెద్దయెత్తున పదార్థం విడిపోయి ఉంటుందన్నది నేడు బలంగా ఉన్న ఆలోచన. పరిశీలకుడికి దీనివల్ల కలిగే లాభం ఏమంటే, ఈ కణాలు తోకచుక్కల ధూళికంటే గట్టివి, వేగం కూడా సెకనుకు 35 కిలోమీటర్లే. ఆగస్టులో పడే పెర్సీడ్ల వేగం 59, నవంబరులో పడే లియోనిడ్ల వేగం 71. అందుచేత జెమినిడ్లను చూసి ఆనందించడానికి, మాగ్నిట్యూడ్ అంచనా వేయడానికి మరికాస్త వ్యవధి దొరుకుతుంది.

ప్రశ్న: కెమెరాలు, రాడార్లు ఉన్న ఈ రోజులలో నావంటి కొత్తవాడు పెన్సిలుతో రాసుకునే లెక్క ఎవరికైనా పనికివస్తుందా? వస్తే ఏమేమి రాయాలి?

జవాబు: ఉల్కల శాస్త్రం చాలావరకు ఇటువంటి లెక్కల మీదనే నిలబడింది. 1833 నవంబరులో ఉత్తర అమెరికా మీద లియోనిడ్ల తుఫాను విరుచుకుపడిన మరునాడు, యేల్ కళాశాలలో బోధించే డెనిసన్ ఓల్మ్‌స్టెడ్ చూసినవారంతా తమకు కనిపించినది రాసి పంపమని పత్రికాముఖంగా కోరాడు. ఆ ఉత్తరాలను పోల్చి చూసి, ఉల్కలు సింహరాశిలోని ఒక బిందువు నుంచి వస్తున్నాయని, కాబట్టి అవి భూమి వెలుపలి నుంచి వచ్చినవని వాదించాడు. ఆ దశకంలోనే ఆగస్టు ఉల్కాపాతం ఏటా తిరిగివస్తున్నదని గమనించినవారిలో ఎడ్వర్డ్ హెరిక్ ఒక పుస్తకాల వ్యాపారి. 1899లో వేలాది ఉద్గమ బిందువుల పట్టిక ప్రచురించిన విలియం డెనింగ్ వృత్తిరీత్యా అకౌంటెంటు. 1988లో ఏర్పడిన అంతర్జాతీయ ఉల్కా సంస్థ నేటికీ ప్రపంచం నలుమూలల ఔత్సాహికుల లెక్కలను ఒకే నమూనాలో స్వీకరించి, ప్రతి ఉల్కాపాతానికి హెచ్చుతగ్గుల రేఖను గీస్తున్నది. కెమెరాల లెక్క కొన్ని దశాబ్దాలది. కంటి లెక్క రెండు శతాబ్దాలది. ఆ పాత లెక్కతో పోల్చాలంటే కొత్త లెక్కా కంటితోనే చేయాలి.

రాయవలసిన వాటిలో ఉల్కల సంఖ్య ఒకటి మాత్రమే, అదే అన్నిటికంటే ముఖ్యమైనది కూడా కాదు. పరిశీలన మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ సార్వత్రిక కాలంలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన గ్రీనిచ్ కాలం). మధ్యలో లేచినవి, రాసుకోవడానికి తల దించినవి పోగా మిగిలిన అసలు వ్యవధి. మీ చోటు అక్షాంశ రేఖాంశాలు. మబ్బు గాని చెట్టు గాని మీ చూపులో ఎన్నో వంతును కప్పింది. కంటికి ఆనిన అతి మసక నక్షత్రం మాగ్నిట్యూడ్. ఈ చివరిదాని కోసం ఆ సంస్థ ఆకాశంలో కొన్ని త్రిభుజాలను, చతుర్భుజాలను ఎంచిపెట్టింది. వాటి మూలలతో సహా లోపల ఎన్ని నక్షత్రాలు కనిపించాయో లెక్కపెడితే పట్టిక నుంచి పరిమితి తెలుస్తుంది. రాత్రి గడిచేకొద్దీ ఇది మారుతుంది కనుక గంటకు ఒకటి రెండుసార్లైనా చూడాలి. ఇవి లేకుండా '42 ఉల్కలు' అని రాసి పంపితే దానితో ఎవరూ ఏమీ చేయలేరు. ఇవన్నీ ఉండి ఉల్కలు మూడే అయినా ఆ నమోదు లెక్కలోకి వస్తుంది. ఒక్కటీ కనిపించని గంటను కూడా సున్నా అని పంపాలి. బాగా పడిన గంటలను మాత్రమే అందరూ పంపితే ఉల్కాపాతం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

ప్రతి ఉల్కకూ మాగ్నిట్యూడ్ అంచనా వేసి, జెమినిడా విడి ఉల్కా అన్నది గుర్తించండి. పోలికకు నక్షత్రాలు తలపైనే ఉన్నాయి: బ్రహ్మహృదయం 0.1, రోహిణి 0.9, పునర్వసులో పొలక్స్ 1.1, కాస్టర్ 1.6, ధ్రువుడు 2. తొలి రాత్రులలో అర మాగ్నిట్యూడ్ అటూ ఇటూ పోవడం సహజం. కాగితం మీద కన్ను పెట్టకుండా, పొడవాటి కాగితపు చుట్ట మీద వేలి గుర్తుతో వరుసలు జరుపుతూ చీకటిలోనే రాయడం పాత పద్ధతి. వాయిస్ రికార్డరు ఇంకా సులువు, అయితే దాన్ని చొక్కా లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచుకోవాలి. చలికి బ్యాటరీ నీరసిస్తుంది, బాల్‌పెన్ సిరా గడ్డకడుతుంది, పెన్సిలు మాత్రం రాస్తూనే ఉంటుంది. సంఖ్యలో ఉండే అనిశ్చితి సుమారు దాని వర్గమూలమంత అని కూడా గుర్తుంచుకోండి: 16 కనిపిస్తే 4 అటూ ఇటూ. పక్కింటివారికి 19 వచ్చాయని బాధపడనక్కరలేదు.

ప్రశ్న: ఫొటోలో ఉల్క పడాలంటే ఎక్స్‌పోజరు ఎంత పెట్టాలి? పత్రికలలో వచ్చే చిత్రాలలో ఒకేసారి యాభై ఉల్కలు ఉంటాయి, నాకు రాత్రంతా నాలుగే వచ్చాయి.

జవాబు: నాలుగు వస్తే మంచి రాత్రే. ఆ చిత్రాలు కొన్ని గంటలపాటు తీసిన వందలాది ఫ్రేములలో ఉల్కలున్న వాటిని ఏరి ఒకదానిమీద ఒకటి పేర్చినవి. ఉల్క ఒక్కో బిందువును కనురెప్పపాటులో దాటిపోతుంది కాబట్టి ఎక్స్‌పోజరు పెంచినంత మాత్రాన దాని గీత ప్రకాశం పెరగదు, వెనుక ఆకాశం మాత్రం తెల్లబారుతుంది. ఉల్క చిక్కడం లెన్స్ ద్వారం మీద, ఐఎస్ఓ మీద ఆధారపడుతుంది. విశాలకోణ లెన్స్, ఎఫ్ 2.8, ఐఎస్ఓ 1600 నుంచి 3200, 15 నుంచి 20 సెకన్ల ఎక్స్‌పోజర్లు విరామం లేకుండా పెట్టి వదిలేయండి. ఫోకస్‌ను ప్రకాశవంతమైన నక్షత్రం మీద చేత్తో సరిచేసి, రాత్రి చల్లబడేకొద్దీ అది జరుగుతుంది కాబట్టి మధ్యలో మళ్లీ చూడండి. లెన్స్ చుట్టూ చిన్న వేడిపట్టీ కట్టకపోతే మంచు పట్టి సగం రాత్రి వృథా అవుతుంది. ముగించాక కెమెరాను వెచ్చని గదిలోకి తెచ్చేముందే బయటనే గట్టి సంచిలో మూసివేయండి. లేకుంటే తడి అంతా దానిమీదే చేరుతుంది.

ప్రశ్న: దాదాపు అర నిమిషం సేపు నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా విడిపోతూ పోయిన వెలుగును చూశాము. అది ఉల్కేనా?

జవాబు: అంతసేపు ఉన్నదంటే కక్ష్యలోంచి రాలిపడుతున్న రాకెట్ భాగమో పాత ఉపగ్రహమో అయి ఉండే అవకాశం ఎక్కువ. వాటి వేగం సెకనుకు 8 కిలోమీటర్ల లోపు. ఉల్కల వేగం 11కు తగ్గదు, 72 దాకా ఉంటుంది. విడిపోకుండా, మినుకుమనకుండా కొన్ని నిమిషాలు సాగిపోయే చుక్క ఉపగ్రహం. వరుసగా పూసలు గుచ్చినట్లు పోయేవి ఒకే రాకెట్‌తో కొత్తగా ప్రయోగించిన స్టార్‌లింక్ ఉపగ్రహాలు.

ప్రశ్న: ఉల్కాపాతం మరునాడు పొలంలో నల్లని బరువైన రాయి దొరికింది, అయస్కాంతానికి అంటుకుంటున్నది. జెమినిడ్ రాయేనా?

జవాబు: కాదు. ఏటా వచ్చే ఉల్కాపాతాల నుంచి రాయి నేలకు చేరినట్లు రుజువైన ఉదాహరణ లేదు. ఆ కణాలు పైనే పూర్తిగా ఆవిరైపోతాయి. అయస్కాంతానికి అంటుకునే మామూలు రాళ్లు, కొలిమి చిట్టెం ఎక్కడైనా దొరుకుతాయి. రాయి మీద పలుచని నల్లటి కరుగు పొర ఉండి, విరిగిన అంచున లోపల లేతరంగు, లోహపు మెరుపు చుక్కలు కనిపిస్తే ఏదైనా విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర విభాగానికి చూపించండి.

ప్రశ్న: పతాకస్థాయి రాత్రి పౌర్ణమి వస్తే ఆ ఏడాది వదులుకోవలసిందేనా?

జవాబు: నిండు చంద్రుడు పైన ఉంటే చక్కని ఆకాశపు పరిమితి కూడా 4 దగ్గరకు దిగిపోతుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం అది ఆదర్శ సంఖ్యలో పదకొండో వంతు. అయినా జెమినిడ్లలో ప్రకాశవంతమైనవి తగినన్ని ఉంటాయి కనుక చంద్రుడిని గోడ చాటున పెట్టి, ఎదుటి దిక్కున చూస్తే గంటకు పది దొరుకుతాయి. చంద్రుడు సగమే ఉన్న ఏడాది అతడు ఉదయించక ముందో, అస్తమించాకో ఉన్న గంటలను ఎంచుకోవాలి. పతాకస్థాయికి ముందు రాత్రి కూడా జెమినిడ్లు చెప్పుకోదగినన్ని ఉంటాయి, తరువాతి రాత్రికి మాత్రం చురుకుగా తగ్గిపోతాయి.

క్వాడ్రాంటిడ్ల సంగతి వేరు. వాటి ఉధృతి కొన్ని గంటలే ఉంటుంది, ఆ గంటలు మీ చోట పగలు పడితే రాత్రి ఇరవైకి మించి కనిపించవు. పైగా ఉద్గమ బిందువు సప్తర్షి మండలపు తోక దాపున, ఉత్తరాన ఉండి, తెల్లవారుజాముకు గాని పైకి రాదు. అందువల్ల ఆ ఏడాది అంచనా వేసిన పతాక సమయం సార్వత్రిక కాలంలో ఎప్పుడో ముందు చూడండి, దానిని మీ గడియారపు కాలంలోకి మార్చుకోండి, అది రాత్రి మూడు నుంచి ఆరు మధ్య పడుతున్నదా, అప్పటికి చంద్రుడు అస్తమిస్తున్నాడా అన్నది చూసుకోండి. రెండూ కుదిరిన ఏడాది అలారం పెట్టుకోండి. ఏ ఒక్కటి కుదరకపోయినా ఆ రాత్రి హాయిగా నిద్రపోవచ్చు.